ముందు బ్రేకు: పాత మోటారు సైకిలుకు డిస్కు, ప్యాడ్లు ఎంచుకోవడం
(వార్షిక సర్వసభ్య సమావేశంలో మెకానిక్ సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము మైకు ముందు నిలబడటానికి అలవాటు పడినవాళ్లం కాదు. మా చేతులకు స్పానర్లే అలవాటు. అయినా ఈసారి మమ్మల్నే మాట్లాడమన్నారు. దానికి కారణం మీకు తెలిసిందే. జీవనోపాధి సాయం కింద మన సంస్థ పాత మోటారు సైకిళ్లను బాగు చేయించి ఇస్తోంది. సామాన్ల ఖర్చు మీది, కూలి మాది. లెక్కలు చదివినప్పుడు పెద్దలు ఒక ప్రశ్న వేశారు. "బ్రేకు ప్యాడ్లు తక్కువ ధరకే దొరుకుతాయి కదా, మరి కొన్ని బళ్లకు డిస్కు కూడా ఎందుకు మార్చారు? ఆ డిస్కు డబ్బుతో ఇంకో నాలుగు బళ్లకు ప్యాడ్లు వేసేవాళ్లం కదా?" అని.

న్యాయమైన ప్రశ్న. దాత ఇచ్చిన డబ్బు మా దగ్గర అమానతు. ప్రతి రూపాయికీ జవాబు చెప్పాలి. అందుకే ఈ అరగంటలో ఒకటే విషయం చెబుతాం. పాత బండికి ముందు బ్రేకు డిస్కు ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు అక్కర్లేదు, ప్యాడ్లు ఏవి వేయాలి, వాటిని ఎలా ఎంచుకోవాలి. మీలో చాలామందికి సొంత బళ్లున్నాయి, పిల్లల బళ్లున్నాయి. ఈ మాటలు మీ ఇంటి బండికీ పనికొస్తాయి.

ముందుగా ఈ పని ఎందుకంత ముఖ్యమో చూద్దాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. వాళ్లంతా బ్రేకు పడక పోయారని మేము అనడం లేదు. కానీ ప్రమాదం ఎవరి తప్పు వల్ల ఎదురొచ్చినా చివరి క్షణంలో మనిషి చేతిలో మిగిలేది ఆ లివరే.

మన సాయం అందుకునేవాళ్లు బండిని షికారుకు వాడరు. ఒకరు బట్టల మూట కట్టుకొని ఊళ్లు తిరుగుతారు. ఒకరు బేకరీ సరుకు వేస్తారు. ఒకరు తెల్లవారుజామున మార్కెట్టు నుంచి కూరగాయలు తెస్తారు. కుర్రాళ్లు రాత్రి పన్నెండు దాకా భోజనాలు చేరవేస్తారు. బండి మీద బరువు ఎక్కువ, తిరిగే దూరం ఎక్కువ, బండి వయసు కూడా ఎక్కువే. పైగా ఆ బండి పడితే పడేది ఒక్క మనిషి కాదు, ఒక ఇల్లు.

బ్రేకు ఏం చేస్తుందో ఒక లెక్కతో చెబుతాం. పదిహేనేళ్ల నాటి పల్సర్ 150 తీసుకోండి. మన దగ్గరికి ఎక్కువగా వచ్చేవాటిలో అదొకటి. దాని బరువు 143 కిలోల దరిదాపు. నడిపే మనిషి 70 కిలోలు, వెనక బట్టల మూట 60 కిలోలు అనుకుంటే మొత్తం 273 కిలోలు. ఇది గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో ఉన్న శక్తితో సుమారు 130 మిల్లీలీటర్ల నీళ్లను మామూలు వేడి నుంచి మరిగే దాకా కాయవచ్చు. అంటే ఒక టీ గ్లాసుడు నీళ్లు. బ్రేకు పట్టిన నాలుగైదు సెకన్లలో ఆ వేడంతా ఎక్కడో ఒకచోటికి వెళ్లాలి. అది బ్రేకుల లోహంలోకే వెళ్తుంది. బ్రేకు పట్టగానే బండి భారం ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. అందుకే ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే, వేడిలో పెద్ద వాటా ముందు డిస్కుదే. వేగం రెట్టింపైతే ఈ శక్తి నాలుగు రెట్లవుతుంది. ముప్పైలో బాగా ఆగిన బండి అరవైలోనూ అలాగే ఆగుతుందని నమ్మకూడదు.

ఇక పనిలోకి వద్దాం. "బ్రేకు సరిగా పడటం లేదు" అని బండి వస్తే మేము వెంటనే కొత్త సామాను కొనం. ముందు ఖర్చు తక్కువ కారణాలు వెతుకుతాం.

మొదటిది బ్రేకు ఆయిలు. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వేడి దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ ప్రమాణమే 155 డిగ్రీలకు దిగిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అవతలికి చేరుతుంది, ఆవిరిని నొక్కితే అదే నలుగుతుంది. లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లకోసారి ఆయిలు మార్చడం మంచి అలవాటు. పాత బళ్లలో కొన్నింటికి కొన్న రోజు పోసిన ఆయిలే కాఫీ రంగులో ఇంకా ఉంటుంది. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. అదే పోయాలి. డాట్ 5 అనేది సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు.

రెండోది కాలిపర్ జారే పిన్నులు. చాలా పాత బళ్లలో కాలిపర్‌కు పిస్టన్లు ఒక వైపే ఉంటాయి. అవతలి ప్యాడు డిస్కుకు తగలాలంటే కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరగాలి. దుమ్ము, తుప్పు పట్టి పిన్నులు బిగుసుకుంటే ఒక ప్యాడు పూర్తిగా అరిగిపోతుంది, రెండోది కొత్తదానిలా మిగులుతుంది. ఇలా కనిపిస్తే దోషం ప్యాడుది కాదు. పిన్నులు తీసి శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పూయాలి. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ బిగుస్తుంది. ఈ పని చేయకుండా ఎన్ని జతల ప్యాడ్లు మార్చినా డబ్బు వృథా.

మూడోది నూనె మరక. గొలుసుకు కొట్టిన స్ప్రే తుంపరలు, ఫోర్కు సీలు కారి దిగిన ఆయిలు డిస్కుకు తగిలితే బ్రేకు జారుతుంది. డిస్కును తుడవవచ్చు. కానీ నూనె పీల్చుకున్న ప్యాడ్లు మళ్లీ నమ్మదగ్గవి కావు. అక్కడ ముందు సీలు మార్చాలి, ఆ తర్వాతే ప్యాడ్లు.

ఇవన్నీ చూశాక డిస్కు వంతు వస్తుంది.

డిస్కు మార్చాలా వద్దా అన్నది కంటితో తేల్చే విషయం కాదు. కొలిచి తేల్చాలి. డిస్కు మీదే ఒకచోట కనిష్ఠ మందం మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. తుప్పు, దుమ్ము తుడిచి చూస్తే కనిపిస్తుంది. మన 150 సీసీ తరగతి బళ్లలో కొత్త డిస్కు 4 మిల్లీమీటర్ల దరిదాపు ఉంటుంది, వాడుకునే హద్దు దానికి అర మిల్లీమీటరు అటూఇటూ తక్కువ. ఏ బండికైనా ఆ డిస్కు మీద చెక్కిన అంకే తీర్పు. పక్క బండి అంకె పనికిరాదు.

కొలిచేటప్పుడు ఒక మెలకువ ఉంది. ప్యాడు రాసుకునే పట్టీ మాత్రమే అరుగుతుంది. డిస్కు అంచున అరగని గట్టు మిగులుతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద ఆనితే మందం ఎక్కువ చూపిస్తుంది, డిస్కు బాగుందని మోసపోతాం. మైక్రోమీటరుతో గట్టు దాటి లోపల కొలవాలి. అది కూడా చుట్టూ ఆరేడు చోట్ల. ఒకచోట మందం, ఒకచోట పల్చన అయితే బ్రేకు పట్టినప్పుడు లివరు వేళ్ల కింద కొట్టుకున్నట్టు తెలుస్తుంది.

తర్వాత వంకర చూడాలి. చక్రం తిప్పుతూ డయల్ గేజి ఆనించాలి. మిల్లీమీటరులో మూడో వంతు వంకర ఉన్నా చిన్న బళ్లకు అది హద్దు దగ్గరే. బండి మాన్యువల్‌లో సరైన అంకె ఉంటుంది. డిస్కు వంకర ఉంటే అది తిరుగుతూ ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. తర్వాత లివరు మామూలు కంటే లోతుకు దిగితే గాని బ్రేకు పట్టదు. అయితే చక్రం బేరింగులు లూజైనా గేజి ఇలాగే ఊగుతుంది. కాబట్టి డిస్కును నిందించే ముందు చక్రాన్ని పట్టుకొని ఊపి చూడాలి.

రంధ్రాల దగ్గర పగుళ్లు, చేతికి లోతుగా తగిలే గీతలు, కాలి నీలంగా మారిన మచ్చలు కూడా చూస్తాం. పగులు కనిపిస్తే ఇక కొలత అక్కర్లేదు, ఆ డిస్కు పక్కన పడేయాల్సిందే.

ఇక్కడే పెద్దలు అడిగిన ఇంకో ప్రశ్న వస్తుంది. "గీతలు పడితే లేతు మీద పెట్టి చెక్కించవచ్చు కదా?" అని. డ్రమ్ములకు, కార్ల డిస్కులకు ఆ పని చేస్తారు, నిజమే. కారు డిస్కు మందంగా ఉంటుంది, చెక్కినా మిగులుతుంది. మన బండి డిస్కు మొత్తం 4 మిల్లీమీటర్లు. అందులో అరగడానికి కంపెనీ ఇచ్చిన వాటా అర మిల్లీమీటరు అనుకుంటే ఒక్కో వైపుకు పావు మిల్లీమీటరే. గీతలు పోయేదాకా చెక్కితే ఆ వాటా అక్కడే అయిపోతుంది. పైగా అంత పల్చని రేకు లేతు మీద కొట్టుకుంటుంది, నునుపు సరిగా రాదు. చెక్కించిన డిస్కు చూపుకు కొత్తగా ఉంటుంది, కొలతకు చెడిపోయినదై ఉంటుంది.

పల్చబడితే ఏమవుతుందని కూడా అడగవచ్చు. 4 మిల్లీమీటర్ల డిస్కు 3.2కు వచ్చిందంటే రాపిడి పట్టీలో లోహం ఐదో వంతు పోయింది. ఇందాక చెప్పిన టీ గ్లాసు వేడి మాత్రం తగ్గలేదు. అదే వేడి తక్కువ లోహంలోకి వెళ్తే డిస్కు ఇంకా ఎక్కువ కాలుతుంది, ఆ వేడి ప్యాడ్లకు, ఆయిలుకు ఎక్కుతుంది. పిస్టన్ కూడా తను బయటికి రావలసిన దానికంటే ఎక్కువ వస్తుంది. ప్యాడ్లు కూడా అరిగి ఉంటే ఆ పిస్టన్ సీలు మీద సరిగా నిలవదు.

కొత్త ప్యాడ్లను గీతలు పడ్డ పాత డిస్కు మీద వేస్తే ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ప్యాడు చదునుగా ఉంటుంది, డిస్కు గుంటలు మెట్టలుగా ఉంటుంది. మెట్టల మీదే ప్యాడు ఆనుతుంది. బ్రేకు సగమే పడుతుంది, ప్యాడు త్వరగా అరుగుతుంది. ఆరు నెలలు నడవాల్సినది మూడు నెలలకే మళ్లీ మా షెడ్డుకు వస్తుంది. నాలుగు బళ్లకు వేద్దామన్న ఆ చవక ప్యాడ్లు అలా రెండుసార్లు కొనాల్సి వస్తుంది. డిస్కు కొలతలో నెగ్గితే మేము మార్చం. నెగ్గకపోతే ప్యాడ్లు ఒక్కటే వేసి పంపం. పెద్దల ప్రశ్నకు మా జవాబు అదే.

ఇప్పుడు డిస్కు ఎంపిక. పాత బండికి మొదటి ఎంపిక ఆ బండి పార్టు నంబరు మీద వచ్చే కంపెనీ డిస్కు. అది దొరక్కపోతే పేరున్న తయారీదారు అదే బండికి చేసిన డిస్కు. కొనేటప్పుడు పాత డిస్కును వెంట తీసుకెళ్లి ఆరు కొలతలు సరిచూడాలి: బయటి వ్యాసం, మందం, నడిమి రంధ్రం, బోల్టు రంధ్రాల సంఖ్య, వాటి వలయం, చివరగా డిస్కు బోల్టు చోటు నుంచి ఎంత లోపలికి వంగి ఉందన్నది. ఈ చివరిది చాలామంది మరిచిపోతారు. చక్రానికి బిగుసుకుంటుంది గాని కాలిపర్ మధ్యలోకి రాదు. ఒకే పేరున్న బండి అయినా సంవత్సరం మారితే చక్రం మారి ఉండవచ్చు. అందుకే బండి పేరుతో పాటు తయారైన ఏడు, వీలైతే ఛాసిస్ నంబరు చెప్పి అడగాలి.

మోటారు సైకిలు డిస్కు స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేస్తారు. బండి డిస్కు బయటికి కనబడుతూ వానలో తడుస్తుంది కాబట్టి తుప్పు పట్టకూడదు, అరగకుండా గట్టిగానూ ఉండాలి. అందుకే వేడిచేసి గట్టిపరిచే రకం స్టెయిన్‌లెస్ వాడతారు. ఇంట్లో గిన్నెల స్టెయిన్‌లెస్‌కు మామూలుగా అయస్కాంతం గట్టిగా అంటదు, ఈ రకానికి అంటుతుంది. పేరూ ఊరూ లేని చవక డిస్కుల్లో ఈ గట్టిదనం ఉందో లేదో షెడ్డులో తేల్చే మార్గం లేదు. నాణ్యతకు తయారీదారు పేరు, బిల్లు, డిస్కు మీద చెక్కిన కనిష్ఠ మందం అంకె, ఇవే మనకు ఆధారం. అంకె చెక్కని డిస్కును మేము కొనం.

పాత సామాన్ల దుకాణాల్లో వాడిన డిస్కులు దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వెతికితే దొరకని సామాను లేదు. ఇంజను కవరు, హ్యాండిల్, స్టాండు అక్కడ కొనడానికి మాకేమీ అభ్యంతరం లేదు. డిస్కు మాత్రం ప్రమాదంలో పడ్డ బండి నుంచి వచ్చిందేమో తెలియదు. వెంట మైక్రోమీటరు, చదును బల్ల లేకుండా దాన్ని కొనకూడదు.

కుర్రాళ్లు తరచూ అడిగేది ఇంకొకటి. "అన్నా, పెద్ద డిస్కు వేద్దాం" అని. పల్సర్ 150కి 240 మిల్లీమీటర్ల డిస్కు. దాని బదులు 260ది వేస్తే అదే నొక్కుకు పట్టు ఎనిమిది శాతం దాకా పెరుగుతుంది, అంతే. దానికి కాలిపర్ బ్రాకెట్ మార్చాలి, ఎక్కడో చేయించిన బ్రాకెట్ మీద ప్రాణం పెట్టాలి. ఇంకో సంగతి. 125 సీసీ దాటిన అన్ని కొత్త బళ్లకూ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ 1 నుంచి. అంతకు ముందటి బళ్లలో చాలా వాటికి అది లేదు. ఏబీఎస్ లేని బండికి బ్రేకు మరీ చురుగ్గా ఉంటే తడి రోడ్డు మీద ముందు చక్రం బిగుసుకుపోతుంది, మనిషి కింద పడతాడు. చివరికి బండిని ఆపేది టైరు. అరిగిన టైరుకు పెద్ద డిస్కు వేయడం కంటే ఉన్న డిస్కుకు మంచి టైరు వేయడం మేలు.

ప్యాడ్ల సంగతికి వద్దాం. ఇవి ముఖ్యంగా మూడు రకాలు.

ఒకటి ఆర్గానిక్. పీచు, జిగురు కలిపి ఒత్తి చేసినవి. చల్లగా ఉన్నప్పుడే మెత్తగా పట్టుకుంటాయి, డిస్కును తక్కువ అరగదీస్తాయి, ధర తక్కువ. కానీ త్వరగా అరుగుతాయి, బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది.

రెండోది సెమీ మెటాలిక్. అదే కలయికలో లోహపు పొడి, పీచు చేరుస్తారు. వేడిని కొంచెం ఎక్కువ ఓర్చుకుంటాయి, కొంచెం ఎక్కువ కాలం వస్తాయి.

మూడోది సింటర్డ్. లోహపు పొడిని వేడిలో ఒత్తి ముద్ద చేసినవి. వానలో, వేడిలో పట్టు నిలుపుతాయి, ఎక్కువ కాలం మన్నుతాయి. ధర ఎక్కువ. డిస్కును ఎక్కువ అరగదీస్తాయి, వేడిని వెనక పిస్టన్ వైపుకు ఎక్కువగా పంపుతాయి.

ఖరీదైనదే మంచిదనుకోకండి. ఆ బండి ఏ రకంతో తయారైందో అదే మొదటి ఎంపిక. డిస్కు, కాలిపర్, లివరు బలం అన్నీ ఆ ప్యాడుకు తగ్గట్టు చేసి ఉంటాయి. ఊళ్లో యాభై వేగం దాటని బేకరీ బండికి కంపెనీ ఆర్గానిక్ ప్యాడు చాలు. దానికి సింటర్డ్ వేస్తే డిస్కును అరగదీసుకుంటాం. బట్టల మూటతో రోజూ ఘాటు రోడ్డు దిగేవారి సంగతి వేరు. పాడేరు, మారేడుమిల్లి, శ్రీశైలం లాంటి దారుల్లో బ్రేకు చల్లారే వ్యవధి దొరకదు. అక్కడ వేడిని ఓర్చే రకం కావాలి. ఆ బండి డిస్కుకు సరిపడుతుందని తయారీదారు చెప్పిన సెమీ మెటాలిక్ గాని, సింటర్డ్ గాని వేస్తాం. దానితో పాటు గేరు తగ్గించి ఇంజనుతో దిగమని చెబుతాం. ఆ మాట ప్యాడు కంటే ఎక్కువ పని చేస్తుంది.

కొన్ని ప్యాడ్ల వెనక రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఎఫ్ఎఫ్, జీజీ, హెచ్‌హెచ్ లాంటివి. మొదటి అక్షరం మామూలు వేడిలో రాపిడి ఎంతో చెబుతుంది, రెండోది బాగా వేడెక్కాక ఎంతో చెబుతుంది. ఎఫ్ అంటే రాపిడి గుణకం 0.35 నుంచి 0.45. జీ అంటే 0.45 నుంచి 0.55. హెచ్ అంటే అంతకు పైన. ఇవి పట్టు ఎంతో చెబుతాయి గాని ఎంత కాలం మన్నుతుందో చెప్పవు, నాణ్యతకు ముద్ర కూడా కాదు. రెండు అక్షరాలు ఒకటే అయితే చల్లగా ఉన్నా వేడెక్కినా పట్టు ఒకే తరగతిలో ఉంటుందని అర్థం. రోజూ నడిపే మనిషికి అదే కావాలి.

ప్యాడ్ల పొట్లం మీద ఆస్బెస్టాస్ లేదని రాసి ఉన్నవే కొనండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. మా షెడ్లలో పనిచేసే పిల్లలకు మేము చెప్పేదీ అదే. ఏ ప్యాడు ధూళినైనా నోటితో గాని గాలి పైపుతో గాని ఊదవద్దు, తడి గుడ్డతో తుడవండి.

నకిలీల విషయం. కంపెనీ పెట్టెను పోలిన పెట్టెలో నాసిరకం ప్యాడ్లు వస్తుంటాయి. ధర మరీ తక్కువైతే అనుమానించాలి. పెట్టె మీద గరిష్ఠ ధర, తయారైన నెల, పార్టు నంబరు ఉన్నాయా, అక్షరాలు సరిగా ఉన్నాయా చూడాలి. ప్యాడు తీసి ఉక్కు పలక మీద రాపిడి ముద్ద అంచుల్లో లేచి ఉందా, పగులు ఉందా చూడాలి. ముద్ద పలక నుంచి ఊడి వస్తే ఇక బ్రేకే లేదు. బిల్లు ఇవ్వని చోట బ్రేకు సామాను కొనవద్దు. నాలుగు రూపాయల తేడా కోసం బిల్లు వదులుకోవడం మన దాతల డబ్బుతో చేయకూడని పని.

బిగించడంలో మెలకువలు రెండు మూడే చెబుతాం. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది. బ్రేకు క్లీనరుతో అది పూర్తిగా తుడవాలి. కిరోసిన్, డీజిల్ వాడకూడదు, అవి జిడ్డు మిగులుస్తాయి. చక్రం మీద డిస్కు ఆనే చోట తుప్పు పొరలు గీకాలి, లేకపోతే కొత్త డిస్కు కూడా వంకర తిరుగుతుంది. డిస్కు మీద బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే వైపే ఉండాలి. బోల్టులు ఎదురెదురుగా, మాన్యువల్ చెప్పినంత బిగువుతో బిగించాలి. కొత్త డిస్కు వేస్తే కొత్త ప్యాడ్లే వేయాలి. పాత డిస్కు గీతల ఆకారం పాత ప్యాడ్ల మీద ఉంటుంది, అది కొత్త డిస్కును పాడు చేస్తుంది. ప్యాడ్లు మార్చాక బండి కదిలే ముందు లివరు గట్టిపడేదాకా పంపు కొట్టాలి. మొదటి నొక్కుకు బ్రేకు ఉండదు. ఇది మరిచిపోయి షెడ్డు గేటు దాటకూడదు.

ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. కొత్త ప్యాడు కొత్త డిస్కుతో కుదురుకోవడానికి సమయం పడుతుంది. ఖాళీ రోడ్డు మీద యాభై వేగం నుంచి పదిహేను దాకా మెల్లగా బ్రేకు పట్టి వదలాలి, కొంచెం దూరం పోనిచ్చి చల్లారాక మళ్లీ. ఇలా ఇరవై సార్లు. మధ్యలో పూర్తిగా ఆపి లివరు నొక్కి పట్టి ఉంచకూడదు. ఆ పని మేమే చేసి ఇస్తున్నాం. అయినా మొదటి రెండు వందల కిలోమీటర్లు ముందు బండికి దూరంగా ఉండమని బండి తీసుకునే మనిషికి, ఇంట్లోవాళ్ల ముందే చెబుతున్నాం. బాగు చేసిన బండి అనగానే మొదటి రోజే గట్టిగా నమ్ముతారు. మొదటి రోజే అది అంతగా ఆగదు.

ఇప్పుడు దాతల ముందు మా విన్నపాలు మూడు.

ఒకటి. ఇక నుంచి ప్రతి బండికీ డిస్కు మందం, వంకర, ప్యాడు మందం కొలిచి ఆ అంకెలు బిల్లు వెనక రాస్తాం. మార్చిన పాత డిస్కుకు బండి నంబరు చీటీ కట్టి మూడు నెలలు సంస్థ కార్యాలయంలో ఉంచుతాం. ఏ దాత అయినా వచ్చి చూడవచ్చు, కొలవవచ్చు. డిస్కు ఎందుకు మార్చారన్న ప్రశ్నకు మా మాట కాదు, ఆ డిస్కే జవాబు చెబుతుంది.

రెండు. మాకు ఒక మైక్రోమీటరు, ఒక డయల్ గేజి, ఒక టార్క్ రెంచి కావాలి. ఇప్పుడు ఒకరి దగ్గరున్నవి అందరం అడిగి వాడుకుంటున్నాం. ఇవి ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటాయి. మార్చనక్కర్లేని డిస్కులను మార్చకుండా ఆపి వాటి ఖరీదు అవే రాబడతాయి.

మూడు. మీ ఇంట్లో వాడకుండా పడి ఉన్న బండిని సంస్థకు ఇవ్వదలిస్తే సంతోషంగా ఇవ్వండి. దానితో పాటు కాగితాలు కూడా ఇవ్వండి. 15 ఏళ్లు నిండిన బండికి రిజిస్ట్రేషను మళ్లీ చేయించాలి, అప్పుడు బండిని అధికారులకు చూపించాలి. కాగితం లేని బండిని బాగు చేసి ఇస్తే ఒక పేద మనిషిని చలానాల పాలు చేసినట్టవుతుంది.

ఒకే డబ్బుతో నాలుగు బళ్లు రోడ్డెక్కించడమా, రెండు బళ్లను ఆగేలా చేయడమా అన్నదే పెద్దల ప్రశ్నలోని అసలు తూకం. నాలుగు అన్న అంకె నివేదికలో బాగుంటుంది, మాకూ తెలుసు. కానీ సాయం అడిగి వచ్చినవారు బండి చూసి ఏమీ అనరు, ఇచ్చినదే గొప్ప అనుకొని దండం పెట్టి తీసుకెళ్తారు. వాళ్లు అడగలేరు కాబట్టే వాళ్ల తరఫున కొలత మనం అడగాలి. రెండో బండికి డబ్బు చాలకపోతే వచ్చే నెల దాకా ఆగమని వాళ్లకు చెప్పగలం. బ్రేకు లేని బండి మీద ఎదురొచ్చే లారీకి అలా చెప్పలేం.

ఈ రాత్రి ఇంటికి వెళ్లే ముందు మీ బండి ముందు డిస్కు అంచున వేలు పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఆగి చూడండి. గట్టు గోటికి తగిలితే రేపు ఎవరో ఒక మెకానిక్‌తో కొలిపించండి. మా దగ్గరికే రానక్కర్లేదు. కొలిస్తే చాలు.